సర్కారు వద్దంటే బాగుండు

పోలీసు ఉద్యోగంలో నేను దొంగల వెంట పరుగెత్తింది తక్కువ, మంచివాళ్ళ ఇళ్ళకు పోయి చాయ్ తాగింది ఎక్కువ. చివరి కొన్నేళ్ళు నన్ను స్పెషల్ బ్రాంచిలో వేశారు. మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు ఎవరు పాస్‌పోర్టుకు పెట్టుకున్నా, విదేశం పోవడానికి పోలీసు క్లియరెన్స్ అడిగినా, ఆ మనిషి రాసిన ఇంట్లోనే ఉంటున్నాడా, మీద కేసులేమన్నా ఉన్నాయా అని చూసి వచ్చి రిపోర్టు పంపాలి. ఏఎస్సైగా అక్కడే రిటైరయ్యాను. ఆ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కనిపిస్తే, ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని ఎట్లా తెలుస్తుంది సార్ అని అడుగుతుంటారు. అబద్ధం ఉందని తెలియడం కష్టమేమీ కాదు. అది ఎవరిదో తెలియడమే కష్టం. అందుకు మీకు ఒక ముచ్చట చెబుతాను.

ముందు మా ఆఫీసు సంగతి. అనుమానపడటానికే మాకు జీతమిచ్చేవారు. రోజంతా అదే పని కావడంతో ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. పాలు విరిగాయని మా ఆవిడ అంటే, ఎప్పుడు విరిగాయి, అప్పుడు వంటింట్లో ఎవరున్నారు అని అడిగేవాణ్ణి. మా ఇన్‌స్పెక్టర్ ఈ విద్యలో నాకంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు. మనిషికి చెమట పడితే భయపడుతున్నాడనేవాడు, పట్టకపోతే ఆరితేరినవాడనేవాడు. ఇక ఆడవాళ్ళ విచారణలకు నాతో ఒక మహిళా కానిస్టేబుల్ వచ్చేది. కౌకూర్ నుంచి స్కూటీ మీద వచ్చేది, నన్ను అన్నా అనేది. మాట్లాడేది తక్కువ. ఇళ్ళకు పోయినప్పుడు నేను కాగితాలు చూస్తుంటే ఆమె మనుషులను చూసేది.

నా రిటైర్‌మెంట్ దగ్గర పడ్డ రోజుల్లో ఒక క్లియరెన్స్ విచారణ వచ్చింది. శామీర్‌పేటలో ఉంటున్న పెళ్ళైన అమ్మాయి, ఇరవై ఏడేళ్ళు. పాస్‌పోర్టు పెళ్ళికి ముందు కీసరలోని పుట్టింటి చిరునామాతో తీసుకుంది. ఇప్పుడు అత్తగారింట్లో ఉంటోంది కాబట్టి ఇల్లు చూసి రావాలి. పోయేది ఆస్ట్రేలియా. చదువుకా అంటే కాదు. ఉద్యోగానికా అంటే అదీ కాదు. వర్కింగ్ హాలిడే వీసా అని ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఆ మాటను రెండుసార్లు పైకి చదివాడు. “పని బంద్ జేస్తెనే సెలవు అంటరు. సెలవుకు పోయి పని జేసుడేంది?” అన్నాడు.

ఆయన అనుమానంలో అర్థం లేకపోలేదు. ఆ మధ్యనే మా వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్ళను ఒక ఏజెంటు ఇంటిపని అని చెప్పి గల్ఫ్‌కు పంపించాడు. వాళ్ళను వెనక్కి తెచ్చుకోవడానికి వాళ్ళ ఇంటివాళ్ళు పడని పాట్లు లేవు. వాళ్ళ కాగితాల మీద కూడా అన్నీ సరిగ్గానే ఉన్నాయని రాసి పంపింది మాలాంటి ఆఫీసే. అందుకని ఈ సెలవు వీసా వెనక కూడా ఎవడో ఏజెంటు ఉంటాడని, లోతుగా చూడమని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. చెప్పకపోయినా చూసేవాణ్ణే.

మరునాడు పోయాం. చెరువు కట్ట దిగాక సన్నటి గల్లీలో రెండు గదుల స్లాబు ఇల్లు, దాన్ని ఆనుకుని పాత రేకుల షెడ్డు, షెడ్డు గోడకు వలలు. మామగారు చెరువులో చేపలు పట్టి బతికినవాడు, కాలం చేశాడు. కొడుకు డిగ్రీ చదివి, కొన్నాళ్ళు ఎక్కడో నౌకరీ చేసి, కుదరక మానేసి కరీంనగర్ రోడ్డు మీద చేపల ఫ్రై బండి పెట్టుకున్నాడు. కోడలు బీఎస్సీ, అక్కడికి దగ్గర్లోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో పని. వీళ్ళిద్దరూ, అత్త. పిల్లలు లేరు.

ఆ అమ్మాయి కాగితాలన్నీ ముందే వరసగా పేర్చి పెట్టుకుంది. ఏజెంటు ఎవరని అడిగాను. ఎవరూ లేరంది. ఇదొక లాటరీ లాంటిదని, ముప్పై దాటనివాళ్ళు, డిగ్రీ ఉన్నవాళ్ళు తమ పేరు తామే ఫోన్లో ఇచ్చుకోవచ్చని, పేరొస్తే ఏడాది ఆ దేశంలో ఉండి తిరగవచ్చని, తోటల్లో పండ్లు తెంపడమో హోటల్లో పనో దొరికింది చేసుకోవచ్చని విడమరిచి చెప్పింది. భార్యాభర్తలైనా ఎవరి పేరు వాళ్ళకు రావాల్సిందే, ఒకరి వీసా మీద ఒకరు పోవడానికి లేదట.

“ఇద్దరం ఒక్కనాడే పేర్లు ఇచ్చినం సార్. నాకొచ్చింది, ఆయనకు రాలే,” అంది.

భర్త నవ్వుతూ చాయ్ గ్లాసులు పట్టుకొచ్చాడు. “మా ఆమె కిస్మత్ మంచిది సార్. నాది చేపలకాడనే ఉండిపోయింది,” అన్నాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. నేను అడగకముందే పెళ్ళి ఫోటో తెచ్చి చూపించాడు. నాకు ఆయన మీద ఏ అనుమానమూ కలగలేదు. కలిగిందల్లా ఆ అమ్మాయి మీదే. అడగని వాటికి కూడా జవాబులు చెప్పింది, ఎక్కడా తడబడలేదు. మా ఇన్‌స్పెక్టర్ లెక్కలో ఆరితేరినవాళ్ళ కిందికి వస్తుంది.

అంతలో వసారాలో కూర్చున్న అత్త మా కానిస్టేబుల్‌ను మెల్లగా అడిగింది, కంపెనీవాళ్ళు ఇచ్చే ట్రైనింగ్ ఎన్ని దినాలు బిడ్డా అని. నేను తలెత్తి ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె ముఖంలో మొదటిసారి రంగు మారింది. సెలవుకు దేశం పోతున్నానంటే అత్తమ్మకు మింగుడుపడదని, అందుకే ట్రైనింగ్ అని చెప్పామని గుమ్మం బయటికి వచ్చాక ఒప్పుకుంది. సరే, ఈ ఇంట్లో ఒక అబద్ధమైతే దొరికింది అనుకున్నాను. ఒకటి దొరికినచోట రెండోది ఉంటుందని మా లెక్క.

పక్కిళ్ళలో ఇద్దరిని అడిగాం. ఒకామె మంచి పిల్ల అంది. ఇంకొకామె “గట్టి పిల్ల” అని ఊరుకుంది. భర్త మమ్మల్ని రోడ్డు దాకా సాగనంపి, ఏమన్నా కాగితం తక్కువైతే మాట్లాడటానికని నా నంబరు అడిగి రాసుకున్నాడు.

ఆ వారంలోనే నాకు ఒక ఫోన్ వచ్చింది. మగ గొంతు, నోటికి బట్ట అడ్డం పెట్టుకున్నట్టుంది. ఆ అమ్మాయి మీద జవహర్‌నగర్ స్టేషన్లో దొంగతనం కేసు ఉందని, చూసుకోమని చెప్పి పెట్టేశాడు. రికార్డులన్నీ తిరగేయించాను. ఏమీ లేదు. అబద్ధపు ఫోన్ అని వదిలేయవచ్చు కదా అని మీకనిపించవచ్చు. మా పనిలో అట్లా అనిపించదు. కేసు లేకపోతే లేకపోయింది, ఒక మనిషికి ఆమె మీద ఇంత కోపం ఎందుకుండాలి అని ఆలోచన అటు తిరుగుతుంది. కంపెనీకి పోయి కనుక్కున్నాను. ఆమె ఏడాది సెలవు అడగలేదు, రాజీనామా ఇస్తానని చెప్పి పెట్టింది. తిరిగొచ్చే మనిషి నౌకరీ ఎందుకు వదులుకుంటుంది? నా అనుమానానికి ఇంకో మెట్టు దొరికింది.

తరవాత కొద్ది రోజులకే రెండో ఫోన్, వేరే నంబరు నుంచి. అదే గొంతు. “ఆమె ఒక్కతే పోతలేదు సార్. కంపెనీల ఒకడున్నడు. ఒక్కసారి పోయిందంటె ఇగ రాదు. మీరే ఆపాలె,” అన్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాను. పెండింగ్‌లో పెట్టు అన్నాడు. ఆమె మంచిదైతే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, కాకపోతే రేపు మన మెడకు చుట్టుకోకుండా ఉంటుంది అని ఆయన ఉద్దేశం. పెండింగ్ అనేది మా ఆఫీసులో అన్నిటికంటే హాయైన మాట. దానివల్ల మాలో ఎవరికీ ఏ నష్టమూ లేదు.

నష్టం ఎవరికో, ఆ అమ్మాయి డ్యూటీ దిగి నేరుగా మా ఆఫీసుకు వచ్చినప్పుడు తెలిసింది. లాటరీలో పేరు వచ్చినవాళ్ళు ఇచ్చిన గడువులోపల వీసాకు అన్ని కాగితాలూ పెట్టాలట. గడువు దాటితే వచ్చిన పేరు పోతుంది. మళ్ళీ ఏడాది పేరు ఇచ్చుకుని అదృష్టం కోసం చూడాల్సిందే. క్లియరెన్స్ ఎందుకు ఆగిందని నన్ను నిలదీసింది. విచారణ జరుగుతోందన్నాను.

“ఎవరో నా మీద చెప్పిన్రు. గంతే గద సార్?”

ఫిర్యాదు చేసినవాళ్ళ సంగతి బయట పెట్టకూడదన్నది మా నియమం. ఇక్కడ చేసిందెవరో నాకూ తెలియదు. ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు. ఎవరో తనకు తెలుసంది. కంపెనీ బస్సులో రోజూ పక్కన కూర్చునే దోస్తు కూడా పేరు ఇచ్చుకుందట, రాలేదట. తన మీద విచారణ అని కంపెనీలో గుసగుసలు మొదలైన నాటి నుంచి ఈ అమ్మాయి ఆ దోస్తుతో మాట్లాడటం మానేసింది. సీటు మార్చుకుంది. ఇద్దరూ కలిసి తినే అన్నం వేరు వేరుగా తింటున్నారు. దోస్తు కాకపోతే కీసరలో ఉన్న అన్న అయి ఉంటాడంది, ఆయనకు ఈ పోవడం మొదటి నుంచీ ఇష్టం లేదట. అన్న కూడా కాకపోతే ఎదురింటామె. ఒక్కొక్కరి పేరూ చెబుతూ, ఒక్కొక్కరి మీద ఎందుకు అనుమానమో చెబుతూ పోయింది. నేను మగ గొంతు అని చెప్పి ఉంటే దోస్తు మీద నింద తప్పేది. నియమం కదా, చెప్పలేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు రాలేదు కానీ, వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఒకసారి ఆగి గోడ పట్టుకోవడం కిటికీలోంచి కనిపించింది.

ఆ అమ్మాయి గేటు దాటాక, పక్కనుంచి అంతా చూసిన మా కానిస్టేబుల్ అంది, “అన్నా, అందరి పేర్లు చెప్పింది. మొగని పేరు చెప్పలే, సూసినవా?”

ఆయన మీద అనుమానం లేదు కాబట్టి చెప్పలేదన్నాను.

“సరే. ఆ ఇంటికాడ నీ నంబర్ ఎవలికిచ్చినవ్?”

ముప్పై ఏళ్ళకు పైబడిన ఉద్యోగం, ఆ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు. వెంటనే రెండో ఫోన్ వచ్చిన నంబరుకు చేశాను. లారీ మోత మధ్య ఒకాయన ఎత్తాడు. గ్రానైట్ లారీ డ్రైవరు. పోలీసులని చెప్పగానే బెదిరిపోయాడు. తను ఎవరికీ ఫోన్ చేయలేదని, శామీర్‌పేట దగ్గర ఆగి చేపలు తింటుంటే బండాయన ఒకసారి ఫోన్ ఇమ్మన్నాడని, తనది బ్యాటరీ అయిపోయిందన్నాడని చెప్పాడు.

మరునాడు మధ్యాహ్నం ఇద్దరం ఆ బండి దగ్గరికి పోయాం. రోడ్డు వారన టార్పాలిన్ పందిరి, రెండు బెంచీలు, పెద్ద మూకుడు. అన్నాల వేళ దాటింది, తినేవాళ్ళు ఎవరూ లేరు. మమ్మల్ని చూడగానే అదే నవ్వు. కూర్చోమని తువ్వాలుతో బెంచీ తుడిచాడు, వేడివేడిగా వేస్తానన్నాడు. వద్దని, లారీ డ్రైవరు సంగతి చెప్పాను. రోజూ ఎంతోమంది డ్రైవర్లు వస్తారు, ఎవరో ఏమో అన్నాడు. రేపు ఆ డ్రైవరు ఇటే వస్తున్నాడట, ఎదురుగా నిలబెట్టి అడుగుదామా అని మా కానిస్టేబుల్ మామూలుగా అడిగింది. అతను చేయి చాచి స్టవ్ ఆర్పేశాడు. నూనె చప్పుడు తగ్గేదాకా అట్లాగే నిలబడి, తరవాత బెంచీ చివర కూర్చున్నాడు.

నాకు కోపం ఆగలేదు. పోలీసుకు తప్పుడు సమాచారం ఇవ్వడమే ఒక కేసు అన్నాను. కట్టుకున్నదాని మీద దొంగతనం, రంకు రెండూ అంటగట్టడానికి నోరెట్లా వచ్చిందన్నాను. అతను తల ఎత్తకుండా, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

పేర్లు ఇచ్చిన సాయంత్రం ఇద్దరూ కట్ట మీద ఒకే ఫోన్ పెట్టుకుని కూర్చున్నారట. పోతే ఇద్దరం, లేకపోతే ఎవరమూ వద్దు అనుకున్నారట. తనకు రాలేదని, ఆమెకు వచ్చిందని తెలిసిన రోజు తనే పోయి మిఠాయి తెచ్చాడు. పోనా అని ఆమె అడిగితే పో అన్నాడు. ఇంకోసారి అడిగింది. మళ్ళీ పో అన్నాడు. ఆమె నమ్మింది.

“మరి వద్దని చెప్పకపోతివి?” అన్నాను.

“ఎట్ల చెప్త సార్? నేను వద్దంటే నేను చెడ్డోన్ని అయిత. జిందగీ అంత ఆమె కండ్లల్ల అదే ఉంటది. సర్కారు వద్దంటే గట్ల కాదు. ఇద్దరం కల్సి సర్కార్‌ను తిట్టుకుంటుంటిమి.”

నేను చాలామంది చెప్పిన కారణాలు విన్నాను. ఇట్లాంటిది వినలేదు. కోపం ఎటు పోయిందో తెలియలేదు కానీ, దాని చోట ఇంకేదీ రాలేదు. ఆమె తిరిగి రాదని నిజంగా నీ భయమా అని అడిగాను. వస్తుందో రాదో తనకు తెలియదన్నాడు. వచ్చినా ఆ తిరిగిన మనిషికి ఈ బండి, ఈ నూనె వాసన పడుతుందా అన్నాడు.

అప్పుడు మా కానిస్టేబుల్ మెల్లగా అంది, “ఆమె దోస్తుతోని మాట్లాడుతలేదు, ఎరుకేనా? మాకు చెప్పింది దోస్తే అనుకుంటాంది.”

అతనికి తెలియదు. ఆ మాటకు కేసు అన్నప్పటికంటే ఎక్కువ కదిలిపోయాడు. బెంచీ తుడిచిన తువ్వాలునే ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తీయలేదు. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఒక కారు ఆగి, పోలీసు బట్టల్లో ఉన్న మమ్మల్ని చూసి ముందుకు పోయింది.

నేను లేచాను. “రిపోర్టు ఇయ్యాల్నే పోతది. నీ సంగతి నేను ఆమెకు చెప్ప. నువ్వే చెప్పు,” అన్నాను. చెబుతానన్నాడు. ఎప్పుడని నేను అడగలేదు.

ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ అంతా విని, వాడి మీద కేసు పెడదామన్నాడు. పెడితే సాక్ష్యానికి మొట్టమొదట పిలవాల్సింది ఆ అమ్మాయినే అని, ఆమె ప్రయాణం అక్కడితో ఆగుతుందని, వాడు కోరుకున్నదే మన చేతుల మీదుగా జరుగుతుందని చెప్పాను. ఆయన ఆలోచించి క్లియరెన్స్ రిపోర్టు మీద సంతకం పెట్టాడు. పెట్టాక కూడా పెన్ను మూత పెట్టలేదు. ఆ పిల్ల నిజంగా తిరిగొస్తుందంటావా అని అడిగాడు. మన రిపోర్టులో ఆ కాలమ్ లేదు సార్ అన్నాను.

తరవాత నేను రిటైరయ్యాను. ఆ అమ్మాయి వెళ్ళిందో లేదో తెలుసుకోవడానికి నాకు ఇక ఏ హక్కూ లేదు. చాలా నెలలకు సిద్దిపేట వైపు చుట్టాలింటికి పోయి స్కూటరు మీద తిరిగి వస్తూ మధ్యాహ్నం ఆ బండి దగ్గర ఆగాను. ఆకలైందని ఆగానని అనుకున్నాను. అతను గుర్తుపట్టాడు. బట్టలు వేరైనా నడక అదే అన్నాడు. రెండు చేపముక్కలు వేసి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ పెట్టి ఇచ్చాడు.

ఆమె పోయిందట. అక్కడ ద్రాక్ష తోటల్లో పని దొరికిందట. ఒకప్పుడు మన మేడ్చల్ వైపు ఉండే తోటల్లాంటివే కానీ చివర కంటికి ఆనదని చెప్పిందట. పని కష్టమే, చేతులు పగిలాయి, అయినా సెలవు రోజు బస్సెక్కి సముద్రం చూసి వస్తోందట.

అడగకుండా ఉండలేకపోయాను. “ఫోన్ల సంగతి చెప్పినవా?”

“చెప్పిన సార్. ఏర్‌పోర్టుల. లోపలికి పోయే గేటుకాడ.”

ఇంటి దగ్గర అన్ని రోజులుండగా అక్కడ ఎందుకు చెప్పావన్నాను. ఇంటి దగ్గర చెబితే కొట్లాటలతోనే రోజులు దాటిపోతాయని ఆగానన్నాడు. ఆ జవాబు బాగానే ఉంది. మామూలు మనిషి అయితే అక్కడితో తృప్తి పడేవాడు.

“నిజంగ అందుకేనా?” అన్నాను.

అతను మూకుట్లో ముక్కను తిప్పాడు. ఇంకోదాన్ని తిప్పాడు. “నాక్కూడ ఎరుక లేదు సార్. ఎన్కకు మర్లుతదేమోనని గూడ ఉండె కావచ్చు,” అన్నాడు.

ఆమె మాత్రం వెనక్కి మళ్ళలేదట. అంతా విని, చెప్పాల్సింది ఇంకేమన్నా ఉందా అని అడిగిందట. లేదన్నాడు. గేటు దగ్గర జవానుకు పాస్‌పోర్టు చూపించి లోపలికి పోయిందట. విమానం ఎక్కే ముందు ఒకే ఒక్క ఫోన్ చేసిందట. అది అతనికి కాదు, ఆ దోస్తుకు.

“ఇప్పుడు మాట్లాడుతదా నీతోని?”

“రోజు చేస్తది సార్. మంచిగనే మాట్లాడుతది. గని ఎత్తంగనే పక్కన ఎవలున్నరని అడుగుతది.”

అంతలోనే అతని జేబులో ఫోన్ మోగింది. చేతులు తువ్వాలుకు తుడుచుకుని ఎత్తాడు. అవతల ఆమె ఏమడిగిందో నాకు వినపడనక్కర్లేదు. అతను నా వైపే చూస్తూ, “ఎవల్లేరు,” అన్నాడు.

ఆ మాట అబద్ధం కాకూడదనిపించింది. ప్లేటు పట్టుకుని చప్పుడు చేయకుండా లేచి, దూరంగా రోడ్డు వారన ఆపిన నా స్కూటరు దాకా పోయి, అక్కడ నిలబడి తిన్నాను.